ట్రాక్ పాడింది నేను, పేరు ఇంకొకరిది... కేసు వేయొచ్చా?

ప్రశ్న: మాది విజయవాడ. ముంబయిలో ఓ హిందీ సినిమా పాటకు ట్రాక్ పాడాను. పేరున్న గాయని మళ్లీ పాడతారని చెప్పి, అయిదు వేలు ఫోన్‌పే చేసి పంపేశారు. తీరా చూస్తే రెండో చరణమంతా నా గొంతే. పేరు మాత్రం ఆవిడది. సినిమా వచ్చి రెండేళ్ల తొమ్మిది నెలలైంది. నాన్న అప్పు చేసి సంగీతం నేర్పించారు, తలచుకుంటే ఏడుపొస్తోంది. ఆదాయంలో సగం రాబట్టొచ్చా? నేను పాడిన విడి ట్రాక్ నా దగ్గరుంది. యూట్యూబ్‌లో పెట్టేయమంటున్నారు స్నేహితులు.
- ఓ పాఠకురాలు

జవాబు: నాన్నగారి అప్పు గురించి కోర్టు అడగదు. విడుదలైన పాటలో ఆ గొంతు మీదేనని ఎలా రుజువు చేస్తారని అడుగుతుంది. కేసంతా అక్కడే ఉంది.

1949లో ‘మహల్’ పాట రికార్డు మీద లతా మంగేష్కర్ పేరు బదులు తెరమీది పాత్ర పేరు ‘కామిని’ అని వేశారు. అప్పట్లో అడగడానికి చట్టం లేదు. 2012 సవరణతో కాపీరైట్ చట్టంలో 38బి సెక్షన్ చేరింది. పాడినవారిగా గుర్తింపు కోరే హక్కు దాంతో వచ్చింది. హక్కులన్నీ రాసిచ్చేసినా ఇది మిగిలే ఉంటుంది. అయితే కోరస్‌లో గొంతు కలిపినవారిలా ఏదో కాస్త పాడి, టైటిల్స్‌లో పేరు వేసే ఆనవాయితీ కూడా లేనివారు దీని కిందికి రారు. పూర్తి చరణం పాడితే ఆ అభ్యంతరం నిలవడం కష్టం.

స్టూడియోలో ఏదో కాగితం మీద సంతకం చేశారా? మీ ఉత్తరంలో ఆ ఊసే లేదు. చేసి, నకలు తీసుకోకుండా వచ్చేసి ఉంటే అది మీ అజాగ్రత్తే. ఫోన్‌పే చెల్లింపు, మ్యూజిక్ అసిస్టెంట్‌తో వాట్సాప్ సంభాషణ, ట్రాక్ పంపిన మెయిల్... వీటిలో ఒక్కటీ చెరపకండి, ఫోన్ మార్చకండి. కోర్టులో పెట్టాలంటే భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం, ఆ రికార్డును ఏ పరికరం నుంచి ఎలా తీశారో చెప్పే సర్టిఫికెట్ జతచేయాలి. స్క్రీన్‌షాట్ ప్రింట్లు చాలవు. ట్యూనింగ్ చేసిన గొంతును పోల్చి చెప్పడం నిపుణులకూ తేలిక కాదు. కాబట్టి ఆ రోజు బూత్ బయట కూర్చున్న సౌండ్ ఇంజినీర్ సాక్ష్యం మీకు బంగారం.

ఆ ట్రాక్‌ను మాత్రం యూట్యూబ్‌లో పెట్టొద్దు. గొంతు మీదైనా రికార్డింగ్ మీద హక్కు సాధారణంగా నిర్మాతదో, ఆడియో కంపెనీదో అవుతుంది. పెట్టిన మర్నాడే ముద్దాయి మీరవుతారు. కాపీరైట్ చట్టం 63వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు. అది నాన్‌బెయిలబుల్ నేరమని 2022లో సుప్రీంకోర్టే చెప్పింది.

సగం ఆదాయం మాట మరిచిపోండి. చట్టం చెప్పింది వాణిజ్య వాడకం మీద రాయల్టీ, సగం వాటా కాదు. దాన్ని వసూలు చేయడానికి గాయకుల సంఘం ఉంది. 2013లో ఇస్రా (ఇండియన్ సింగర్స్ రైట్స్ అసోసియేషన్)గా నమోదైంది, ఇప్పుడు దాని పేరు ఇసామ్రా. సభ్యత్వం తీసుకోండి.

ఇక గడువు. ఉల్లంఘన జరిగిన నాటి నుంచి మూడేళ్లలోపు నష్టపరిహారానికి దావా వేయాలి. పాట ఇంకా మోగుతోంది కాబట్టి గడువూ సాగుతుందని కొందరు వాదిస్తారు. ఆ వాదన మీద కేసు నిలబెట్టొద్దు. మీ చేతిలో ఉన్నది మూడు నెలలు. లాయర్ నోటీసు పంపితే గడువు ఆగదు. మీరు కోరే మొత్తం మూడు లక్షలకు తగ్గకపోతే, అత్యవసర ఉత్తర్వులు అక్కర్లేకపోతే, ముందు న్యాయ సేవాధికార సంస్థలో మధ్యవర్తిత్వానికి దరఖాస్తు చేయాలి. ఆ కాలాన్ని గడువులో లెక్కించరు. దావాకు ముంబయి వెళ్లనక్కర్లేదు. కాపీరైట్ చట్టం 62వ సెక్షన్ ప్రకారం మీరుంటున్న విజయవాడలోనే వేయొచ్చు. ఈ వారమే ఆ ఫోన్ తీసుకుని లాయర్‌ను కలవండి.