ట్యూడర్ రాణుల హుడ్‌లు చేసే అమ్మాయికి కెరీర్ ఉందా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ సెకండియర్, ఎంపీసీ. పదహారో శతాబ్దంలో ఇంగ్లండ్‌ని ఏలిన ట్యూడర్ వంశపు రాణుల సీరియళ్లు చూసి, వాళ్లు తలకి పెట్టుకునే హుడ్‌లు అట్టముక్కలు, వైరుతో చేస్తోంది. ఇంజినీరింగ్ వద్దు, పాతకాలపు కాస్ట్యూమ్సే చేస్తానంటోంది. ఇది తిండి పెట్టే పనేనా?
- ఒక తల్లి, విజయవాడ

జవాబు: పెడుతుందండీ. కాకపోతే సినిమాలు, ఓటీటీ, నాటకాల్లో ఈ పని ఎక్కువగా ప్రాజెక్టు లెక్కన దొరుకుతుంది. మొదటి కొన్నేళ్లు అసిస్టెంట్‌గానే గడుస్తాయి. ఆ సంగతి ఇద్దరూ ముందే మాట్లాడుకోండి.

అసలు చూడాల్సింది ఇంకొకటి ఉంది. సీరియల్ చూసి చేసిన హుడ్ పోర్ట్‌ఫోలియోలో, అంటే తన పనితనం చూపించే సంకలనంలో, నిలబడదు. తెర మీద ఫ్రెంచ్ హుడ్ అనే గుండ్రటి రకం చాలాసార్లు కిరీటంలా నిటారుగా లేచి ఉంటుంది. ఆ కాలపు చిత్రాల్లో తలకి అంటుకుని వెనక్కి వాలి ఉంటుంది. పాత చిత్రాలన్నిటినీ ఒకేలా నమ్మలేం కూడా. రాజు ఎనిమిదో హెన్రీ రెండో భార్య ఆన్ బొలీన్ 1536లో చనిపోయింది. లండన్ నేషనల్ పోర్ట్రెయిట్ గ్యాలరీలో ఉన్న ఆమె చిత్రం ఆ శతాబ్దం చివర్లో వేసిన నకలు. ఆయన మూడో భార్య జేన్ సీమోర్‌ని మాత్రం ఆ కాలపు చిత్రకారుడు హోల్బైన్ ఆమె బతికుండగానే, 1536-37 ప్రాంతంలో వేశాడు. వియన్నాలో ఉన్న ఆ చిత్రంలో ఇంటికప్పులా కోణం తిరిగిన ఇంగ్లీష్ హుడ్, దాని అంచున ముత్యాల వరస స్పష్టంగా కనిపిస్తాయి. మరి వెనకవైపు? అలాంటి హుడ్ పెట్టుకున్న ఒకావిడని ముందు నుంచీ వెనక నుంచీ హోల్బైనే గీసిన బొమ్మ బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. ఆన్‌లైన్‌లో ఉచితంగా చూడొచ్చు.

ఇక పది రకాలు వద్దు, ఈ ఇంగ్లీష్ హుడ్ ఒక్కటే చేయమనండి. లోపల లినెన్ కుళ్లాయి, దాని మీద గట్టి చట్రం, వెనక నల్లటి ముసుగు. అట్టకి బదులు టైలర్లు కాలర్లకి వేసే బక్రం రెండు మూడు పొరలు కలిపి, అంచుకి వైరు కుట్టాలి. ముత్యాలు గమ్‌తో అతికించకూడదు, ఒక్కొక్కటీ కుట్టాలి. మీ ఊళ్లో మగ్గం వర్క్ చేసేవాళ్ల దగ్గర కొన్నాళ్లు కూర్చుంటే ఆ పనితనం చేతికి వస్తుంది, ఇది మనకున్న పెద్ద అదృష్టం. ప్రతి దశకీ ఫొటో తీసి, ఏది ఏ చిత్రంలో చూసిందో, ఏది తన ఊహో పక్కనే రాసిపెట్టుకోవాలి. ఇంటర్వ్యూ చేసేవాళ్లు హుడ్ కన్నా ఆ నోట్‌బుక్కే ఎక్కువసేపు తిరగేస్తారు.

చదువుకి హైదరాబాద్‌లోని ఫ్యాషన్ విద్యాసంస్థ నిఫ్ట్‌లో నాలుగేళ్ల డిజైన్ డిగ్రీ (బీడిజైన్) సరిపోతుంది, ఎంపీసీ అడ్డు కాదు. అక్కడ చేతికిచ్చిన సామాన్లతో మోడల్ చేసి చూపించే పరీక్ష కూడా ఉంటుంది, మీ అమ్మాయికి అది కలిసొస్తుంది. తర్వాత ఢిల్లీ నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామాకి వెళ్లాలంటే డిగ్రీతో పాటు నాటకాల అనుభవం అడుగుతారు. కాబట్టి కాలేజీలో ఉండగానే ఏదో ఒక నాటక బృందంలో చేరాలి. ఇంగ్లండ్ చదువు ఖర్చుతో కూడుకున్నది, దానికోసం ఇప్పుడే అప్పు చేయకండి. నిఫ్ట్ దరఖాస్తుల గడువు మామూలుగా ఇంటర్ పరీక్షలకి ముందే ముగిసిపోతుంది, ఈ వారమే వెబ్‌సైట్ చూడండి.