ఆ రాత్రిని రాయమ్మా

అమ్మాయీ,

కథ అందింది. రెండుసార్లు చదివాను. చెన్నై వలసరవాక్కంలో పక్కపక్క వాటాల్లో ఇద్దరు తెలుగు ఆడవాళ్లు. ఒకరికి 66, ఇంకొకరికి 31. పెద్దావిడకి రొమ్ము క్యాన్సర్. చిన్నామె మొగుణ్ణి వదిలి పిల్లాడితో వచ్చేసింది. ఈ వస్తువుని మాత్రం వదలకు, గట్టిది. కానీ సగం దాటాక పెద్దావిడ మాట్లాడటం మొదలుపెట్టి చివరిదాకా ఆపలేదు. ఓర్పు గురించి, మగవాళ్ల గురించి, విధి గురించి అన్నీ ఆవిడే చెబుతుంది. ఆ అమ్మాయి వింటుంది, కళ్లు తుడుచుకుంటుంది, తేరుకుంటుంది. నాకు ప్రవచనం విన్నట్టుంది తప్ప ఇద్దరు స్నేహితుల్ని చూసినట్టు లేదు.

వయసు పెరిగినంత మాత్రాన భయం తగ్గదమ్మా. కీమోకి వెళ్లే ముందురోజు రాత్రి ఎవరికైనా వణుకే. ఆ సంగతి అమెరికాలో ఉన్న కొడుక్కి చెబితే పరిగెత్తుకొస్తాడు, వాడి ఉద్యోగం ఏమవుతుందోనని ఈవిడకి ఇంకో టెన్షన్. అప్పచెల్లెళ్లకి చెబితే తెల్లారేసరికి బంధువులందరికీ పాకుతుంది. ఇక మిగిలింది పక్కింటి అమ్మాయే. తనూ నలుగురి నోళ్లలో నాని వచ్చిందే కాబట్టి ఆమె దగ్గర దాచక్కర్లేదు. ఆ రాత్రి పెద్దావిడ వెళ్లి ఆమె తలుపు కొట్టాలి. నువ్వు ప్రతిసారీ చిన్నామె చేతే తలుపు కొట్టించావు.

డబ్బు ఊసే ఎత్తలేదేం? ఈ ఊళ్లో పది నెలల అద్దె అడ్వాన్సుగా అడగడం మామూలే. పైగా మొగుడు లేకుండా వచ్చిందంటే సవాలక్ష ప్రశ్నలు. మరి ఆ అమ్మాయికి వాటా ఎవరి పూచీ మీద దొరికింది? నాకు తెలిసిన ఒకావిడ ఇలాంటి అవసరానికే తన గాజులు తాకట్టు పెట్టి పక్కింటి అమ్మాయికి డబ్బిచ్చింది. అవి విడిపించేదాకా ఆ పక్కింటి అమ్మాయి ఎప్పుడు కొత్త చీర కట్టుకున్నా, ఎవరూ అడక్కముందే "మా అక్క పెట్టింది పిన్నీ" అనేది. ఆవిడ "బాగుందే" అని మాట మార్చేసేది. స్నేహంలో ఆ బెరుకు కూడా ఒక భాగం. నువ్వు పేజీలకి పేజీలు రాసిన ఓదార్పులో అది కనపడలేదు.

ఆసుపత్రి సంగతి. అడయార్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ అని పేరు రాశావు గానీ లోపల అడుగుపెట్టినట్టు లేదు. చెల్లెలు క్యాన్సర్‌తో పోవడం చూసిన డాక్టర్ ముత్తులక్ష్మి రెడ్డి పట్టుబట్టి సాధించిన చోటు అది. 1954లో 12 పడకలతో మొదలైంది. మరుసటి ఏడాది డాక్టర్ శాంత వచ్చి చేరారు. అప్పటికి ముత్తులక్ష్మి గారికి డెబ్బై దగ్గరపడుతోంది, శాంత గారికి 28. శాంత గారు 2021లో కన్నుమూసేదాకా ఆ ఆసుపత్రినే అంటిపెట్టుకుని ఉన్నారు. ఇదంతా కథలో పెట్టమనను. కానీ ఆ వరండాలో నీ ఇద్దరినీ కూర్చోబెట్టే ముందు నువ్వు తెలుసుకోవాలి. వీలుంటే ఒక పూట అక్కడికెళ్లి కూర్చో. ఫైలు ఎవరి ఒళ్లో ఉంటుందో, పేరు పిలిస్తే ముందు ఎవరు లేస్తారో చూడు. 2021 మే నుంచి మామూలు టౌన్ బస్సుల్లో ఆడవాళ్లకి టికెట్ లేదు కాబట్టి తోడు వెళ్లడానికి బస్సు ఖర్చు ఉండదు, పోయేది ఆ పూట జీతం. తిరిగొచ్చేటప్పుడు మాత్రం ఆటో కావాలి. ఆ డబ్బులు నేనిస్తానంటే నేనిస్తానని వాదించుకోనీ.

అన్నిటికంటే నన్ను పట్టి ఆపింది ఆ పిల్లాడు. వాణ్ణి సాయంత్రాలు పెద్దావిడే చూసుకుంటుందని ఒక్క వాక్యంలో తేల్చేశావు. అసలు కథ అక్కడుంది! కీమో తర్వాత తెల్లకణాలు పడిపోతాయి. ఇన్ఫెక్షన్ ఏదైనా ప్రమాదమే, జలుబుతో ఉన్నవాళ్లు దగ్గరికి రాకూడదు. స్కూలుకెళ్లే పిల్లాడికి జలుబు రాకుండా ఉంటుందా? ఆవిడకి ప్రాణమైనవాణ్ణి ఆ అమ్మాయే గుమ్మం దగ్గర ఆపాలి. పెద్దావిడ "రానీవే, ఏం కాదు" అంటుంది. ఆ అమ్మాయి ఒప్పుకోదు. వాడేమో ముక్కు చీదుకుంటూ, తనేం తప్పు చేశాడో తెలియక చెప్పులు విప్పి నిలబడతాడు. పిల్లాణ్ణి ఎక్కడ వదిలి ఆఫీసుకెళ్లాలో తోచక ఆ అమ్మాయి విసుక్కుంటుంది, ఈవిడ అలుగుతుంది. రెండ్రోజులు మాటలుండవు. మూడోరోజు ఆ అమ్మాయి గంజి కాచి తలుపు దగ్గర పెట్టి బెల్లు కొట్టి వెళ్లిపోతుందో, లోపలికే వస్తుందో నువ్వే తేల్చుకో. ఎవరిది తప్పో మాత్రం తేల్చకు. ఇద్దరి వైపూ న్యాయం ఉంది.

ఆవిడ బతుకుతుందా లేదా అన్నది కూడా ఇప్పుడే నిర్ణయించకు. ముందు ఆ గుమ్మం దగ్గరి గొడవ రాసి, అదొక్కటే పంపు. కథంతా అయ్యేదాకా ఆగొద్దు. ఆదివారాలు ఇంట్లోనే ఉంటాను, ఫోన్ చేసి రా. చదువుకుంటూ మాట్లాడుకుందాం.

ఆశీస్సులతో,
పెద్దమ్మ