గంజాయి బాకీ కోసం తమ్ముణ్ణి కొట్టి బండి లాక్కున్నారు, ఫిర్యాదు చేస్తే మావాడి మీదే కేసు పడుతుందా?

ప్రశ్న: మాది తిరుపతి. నాన్న లేరు. తమ్ముడికి 21 ఏళ్లు, డిగ్రీ ఆఖరి సంవత్సరం. ఏడాదిగా గంజాయి తాగుతున్నాడని నెల కిందటే తెలిసింది. అప్పు పెట్టి తీసుకున్నాడట, వడ్డీతో 18 వేలు కట్టాలంటున్నారు. మొన్న రాత్రి లీలామహల్ సర్కిల్ దగ్గర ఇద్దరు ఆపి, కొట్టి, బండీ ఫోనూ లాక్కున్నారు. 'స్టేషన్‌కు పోతే నీకే పదేళ్లు పడుతుంది' అన్నారట. డబ్బు కట్టేయమంటారా, ఫిర్యాదు చేయమంటారా? కొన్ని దేశాల్లో ఇది నేరమే కాదంటారు, నిజమేనా?

జవాబు: డబ్బు మాత్రం కట్టొద్దమ్మా. చట్టం ఒప్పుకోని సరుకు తాలూకు ఒప్పందం చెల్లదని 1872 నాటి కాంట్రాక్ట్ చట్టం 23వ సెక్షన్‌లోనే ఉంది, కాబట్టి గంజాయి బాకీ అసలు బాకీయే కాదు, దానికి వడ్డీ అంతకన్నా లేదు. ఇవాళ 18 వేలు ఇచ్చి బండి తెచ్చుకున్నారనుకోండి, మీ ఇంట్లో భయపడే మనుషులున్నారని వాళ్లకు తెలిసిపోయినట్టే, వచ్చే నెల ఇంకో లెక్కతో వస్తారు.

ఆ పదేళ్ల మాట మీ తమ్ముణ్ణి నోరు ఎత్తకుండా చేయడానికి చెప్పింది. ఎన్‌డీపీఎస్ చట్టంలో, అంటే మత్తుపదార్థాల చట్టంలో, గంజాయికి పదేళ్ల నుంచి ఇరవై ఏళ్ల శిక్ష 20 కిలోలు దాటి దొరికితేనే. కిలో దాటి 20 కిలోల లోపైతే పదేళ్ల వరకూ పడొచ్చు. కిలో లోపైతే ఏడాది దాకా జైలు, లేదా పదివేల దాకా జరిమానా, లేదా రెండూ. తాగినందుకు మాత్రమే అయితే 27వ సెక్షన్ కింద ఆరు నెలల వరకూ జైలు, లేదా పదివేల వరకూ జరిమానా, లేదా రెండూ. అంటే నేరం కాకపోలేదు, ఆ విషయం మీకు దాచను, కానీ వాళ్లు భయపెట్టినంత కాదు.

మరి వాళ్లు చేసిందేంటి? ఒంటరిగా ఉన్న పిల్లాణ్ణి కొట్టి బండీ ఫోనూ లాక్కోవడం భారతీయ న్యాయ సంహిత 309 కింద దోపిడీ, పదేళ్ల వరకూ శిక్ష ఉన్నది దానికి! పైగా 115 కింద కొట్టినందుకు, 351 కింద బెదిరించినందుకు.

ఫిర్యాదులో ఏం రాయాలనే దగ్గరే అందరూ తడబడతారు. జరిగింది రాయండి: ఎన్ని గంటలకు, ఎక్కడ, ఎందరు, ఏ చేత్తో కొట్టారు, బండి నంబరు, ఏమన్నారు. అబద్ధం ఒక్కటి కూడా వద్దు, తప్పుడు ఫిర్యాదు మళ్లీ వేరే నేరం. అలాగని తనకు వ్యతిరేకంగా తానే సాక్ష్యం చెప్పాల్సిన పని మీ తమ్ముడికి లేదు, రాజ్యాంగం 20(3) ఆ హక్కు ఇచ్చింది. డబ్బు విషయంలో గొడవ అని రాస్తే అది నిజమే. పోలీసులు తరచి అడిగితే, లాయర్‌తో మాట్లాడాకే దాని గురించి చెబుతానని అనొచ్చు. ఒకవేళ నోరు జారి పోలీసుతో 'తాగాను సార్' అన్నా, ఆ ఒప్పుకోలు అతని మీద సాక్ష్యంగా చెల్లదు, భారతీయ సాక్ష్య అధినియం 23వ సెక్షన్ అదే చెబుతుంది. అయితే ఒక రిస్క్ ఉంది. రోజూ తాగేవాళ్లకు ఆపేసిన కొన్ని వారాల దాకా కూడా యూరిన్ టెస్టులో బయటపడొచ్చు. అందుకే కిందిది ముందు చేయండి.

తమ్ముణ్ణి రుయా ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లండి. దెబ్బలు క్యాజువాల్టీలో ఎంఎల్‌సీగా, అంటే మెడికో లీగల్ కేసుగా నమోదు చేయించండి, రేపు కోర్టులో ఆ కాగితమే మాట్లాడుతుంది. అదే రోజు మానసిక వైద్య విభాగంలో ఓపీ చీటీ తీసుకుని అలవాటు సంగతి డాక్టర్‌కు ఉన్నదున్నట్టు చెప్పమనండి. డాక్టర్ బయట పెడతారేమోనన్న టెన్షన్ వద్దు, 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం ఆ వివరాలు గోప్యంగా ఉంచాలి. ఈ చీటీ ఎందుకంటే, ఎన్‌డీపీఎస్ చట్టంలో 64ఎ అని ఒక సెక్షన్ ఉంది. అలవాటుకు బానిసైన మనిషి తనంతట తాను ప్రభుత్వ లేదా ప్రభుత్వ గుర్తింపు ఉన్న ఆసుపత్రిలో చికిత్సకు వెళ్తే, తాగిన కేసులోనూ తక్కువ పరిమాణం కేసులోనూ అతన్ని ప్రాసిక్యూట్ చేయకూడదు. మధ్యలో మానేస్తే ఆ రక్షణ పోతుంది. ఇంత మంచి సెక్షన్ చట్టంలో ఉండి కూడా, దాని పేరు విన్న తల్లిదండ్రులు నా దగ్గరికి ఇంతవరకూ ఒక్కరూ రాలేదు, అదే నా బాధ.

ఇక మీ మూడో ప్రశ్న. నిజమే. పోర్చుగల్‌లో 2001 నుంచి సొంతానికి పది రోజులకు సరిపడా మత్తు సరుకు దగ్గర పెట్టుకోవడం క్రిమినల్ నేరం కాదు, గంజాయైతే 25 గ్రాములు. దొరికినవాణ్ణి కోర్టుకు కాక ఒక కమిటీ ముందుకు పంపుతారు, అవసరమైతే చికిత్సకు పంపిస్తారు. అమ్మేవాడు మాత్రం అక్కడా నేరస్తుడే. అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రం కూడా 2021లో ఇలాగే చేసింది, కానీ చికిత్స ఏర్పాట్లు సరిగా లేకుండా చేసింది, 2024లో వెనక్కి తీసుకుంది. అంటే సెక్షన్ కొట్టేస్తే సరిపోదు, ఆసుపత్రి కూడా సిద్ధంగా ఉండాలి. ఈ రెండూ కలిపే నేను అడుగుతున్నాను: తాగేవాణ్ణి నేరస్తుల లెక్కలోంచి తీసేయండి, అమ్మేవాణ్ణి వదలకండి.

ఎందుకంటున్నానో మీ ఇంటి కథలోనే ఉంది. మీ తమ్ముణ్ణి కొట్టినవాళ్లకు అంత ధైర్యం ఎక్కడిది? వీడు స్టేషన్ మెట్లు ఎక్కడన్న నమ్మకం! కిరాణా కొట్టువాడు బాకీ వసూలు చేయాలంటే నోటీసు ఇస్తాడు, కోర్టుకు పోతాడు. గంజాయివాడికి కోర్టు లేదు కాబట్టి చేయి చేసుకుంటాడు, కొట్టించుకున్నవాడికీ కోర్టు లేదని అతనికి తెలుసు. అమెరికా 1920 నుంచి 1933 దాకా మద్యం నిషేధించినప్పుడు ముఠాలు తుపాకులతో బతికింది ఈ లెక్క మీదే. మన రాష్ట్రంలోనూ 1995లో మద్య నిషేధం పెట్టి 1997లో సడలించారు. దూబగుంట ఆడవాళ్లు సారా మీద చేసిన పోరాటాన్ని నేను తక్కువ చేయను, వాళ్ల కడుపుమంట నిజం. కానీ అటు తమిళనాడు, ఇటు కర్ణాటక ఆనుకుని ఉన్న మన చిత్తూరు జిల్లాలో సరుకు ఆగిందా అని ఆ రోజులు చూసిన ఏ పెద్దాయన్నైనా అడగండి.

కొన్నేళ్ల కిందట చిత్తూరు కోర్టు వరండాలో ఒక తల్లి టిఫిన్ క్యారియర్ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది, కొడుకు దగ్గర దొరికింది అగ్గిపెట్టెలో పట్టేంత పొట్లం. వాయిదా అయ్యాక ఆమె నన్నడిగిన మాట, 'అమ్మినోడు యాడున్నాడు సార్?' చార్జిషీట్‌లో అతని పేరే లేదు. పిల్లాడికి ఆ కేసు వల్ల ఉద్యోగం వెరిఫికేషన్‌లో పోయింది, అలవాటు మాత్రం పోలేదు. ఇంకో తిరకాసు చూడండి, 64ఎ బానిసైనవాడికే వర్తిస్తుంది, సరదాకి ఒకసారి తాగి దొరికిన పిల్లాడికి వర్తించదు! ముదిరితే వైద్యం, మొదట్లోనే దొరికితే కేసు. దీన్ని మార్చమని అడగడం గంజాయిని వెనకేసుకు రావడం కాదు.

అమ్మేవాళ్ల సమాచారం మీ పేరు చెప్పకుండానే మత్తు సరుకును అరికట్టే మన రాష్ట్ర పోలీసు విభాగం ఈగల్ టోల్‌ఫ్రీ 1972కి ఇవ్వచ్చు, సమాచారం ఎవరిచ్చారో చెప్పమని అధికారిని బలవంతం చేయకూడదని ఎన్‌డీపీఎస్ చట్టం 68వ సెక్షన్‌లో ఉంది. అలవాటు మాన్పించడానికి సలహా కావాలంటే 14446. ఇంట్లోకి ఆ సరుకు మళ్లీ రానివ్వకండి, తెలిసి ఉంచనిస్తే అదే చట్టం 25వ సెక్షన్ కింద మీరూ అమ్మా ఇరుక్కుంటారు.

స్టేషన్‌లో ఎఫ్ఐఆర్ కట్టకపోతే అదే ఫిర్యాదు ఎస్పీకి రిజిస్టర్డ్ పోస్టులో పంపండి, అప్పటికీ కదలిక లేకపోతే మేజిస్ట్రేట్ దగ్గర వేద్దాం. వెళ్లేటప్పుడు బండి ఆర్సీ జిరాక్స్, ఫోన్ కొన్న బిల్లు, ఎంఎల్‌సీ నంబరు పట్టుకెళ్లండి, తమ్ముణ్ణి ఒంటరిగా పంపొద్దు.