చెట్టెక్కి కొమ్మలు దింపే పనికి ముందు ఏం కొనాలి? బోటు తాడుతో నేను పడ్డ పాట్లు

మీరు అడిగింది ఇదీ: టెక్కలి దగ్గర ముగ్గురు కలిసి చెట్లు కొట్టే పని మొదలుపెడుతున్నారు. చెయిన్ సా ఉంది. ఆన్‌లైన్‌లో బిల్డింగ్ పనివాళ్లు వాడే ఫుల్ బాడీ హార్నెస్ ఒకటి, హార్డ్‌వేర్ షాపులో వంద మీటర్ల నైలాన్ తాడు ఒకటి చూసి పెట్టుకున్నారు. మొదటి పని, ఇంటి స్లాబు మీదికి వాలిన నిద్రగన్నేరు కొమ్మ. ఈ సామాను సరిపోతుందా అని.

సరిపోదు. ఎందుకో నా కథతోనే చెబుతాను.

మాది సోంపేట వైపు. నేను ట్రాక్టరు నడిపేవాణ్ని. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటాక ఉద్దానంలో కొబ్బరి, జీడి, పనస ఎలా నేలకొరిగాయో మీరూ చూసే ఉంటారు. ట్రాక్టరు ఉంది కదా అని దుంగలు లాగడానికి పిలిచారు. తర్వాత ఒక రంపం మిషన్ కొన్నాను. పడిపోయిన చెట్లు అయిపోయాక, సగం వాలినవి, ఇళ్ల పక్కన నిలబడి భయపెట్టేవి మిగిలాయి. వాటికి ఎక్కక తప్పదు. అలా ఎక్కడం మొదలైంది. నేర్పేవాళ్లు ఎవరూ లేరు.

రెండో ఏడు పలాసలో ఒక వేప కొమ్మ. కింద సిమెంటు రేకుల పశువుల పాక. మా దగ్గరున్న తాడు చేపల వేటబోటుకి వాడే నీలం తాడు, చేపలు పట్టే ఒకతని దగ్గర కొన్నది. లావుగా, గట్టిగా, చూస్తే ఏనుగునైనా కట్టేయొచ్చనిపించేలా ఉండేది. పొద్దున దాని మీదే నేను వేలాడుతూ పైకి వెళ్లాను. తర్వాత అదే తాడు విప్పి పై పంగలోంచి వేసి, కొమ్మ కొసకి కట్టి, కిందున్న కుర్రాణ్ని పట్టుకోమన్నాను. కొమ్మ తెగింది. తాడు పంగలో బెరడు మీద బర్రున జారింది. కుర్రాడు చేతులు కాలతాయని ఒక్కసారి బిగించి ఆపాడు. టప్ మని శబ్దం, రేకుల్లోంచి దుంగ పాకలోకి. లోపల పెయ్యదూడ ఒకటి మూలన నిలబడి మా వైపు చూస్తోంది. దానికి గీత కూడా పడలేదు. రేకుల డబ్బులు మేమే కట్టాం.

తెగిన కొస చూస్తే పోగులు కరిగి, మైనంలా అంటుకుపోయి ఉన్నాయి. పది నిమిషాల ముందు నేను దాని మీద వేలాడానని అప్పుడు గుర్తొచ్చింది. ఆ రోజు ఇంక చెట్టెక్కలేదు.

ఆ తాడు పాలీప్రొపిలీన్. సుమారు 165 డిగ్రీలకే కరుగుతుంది. బెరడు మీద బరువుతో జారితే ఆ వేడి క్షణాల్లో పుడుతుంది. పైగా మన ఎండకి నెలల్లో బలం పోతుంది, పైకి మాత్రం బాగానే కనిపిస్తుంది. వేటకి అది మంచి తాడే, నీళ్ల మీద తేలుతుంది కాబట్టి. మీరు చూసిన 'నైలాన్' తాడు నిజంగా నైలానో కాదో తెలుసుకోవాలంటే చిన్న ముక్క కోసి బకెట్ నీళ్లలో వేయండి. తేలితే నైలాన్ కాదు, షాపువాడు ఏం చెప్పినా సరే. నైలాన్, పాలియెస్టర్ రెండూ మునుగుతాయి. అసలు నైలానే అయినా దుంగలు దింపడానికి నాకు నచ్చదు. రబ్బరులా సాగుతుంది, ఆగిందనుకున్న దుంగ ఇంకో రెండడుగులు దిగి ఊగుతుంది. ఆ రెండడుగుల్లోనే సన్‌షేడ్ ఉంటుంది.

అందుకని మొదటి మాట: మనిషిని మోసే తాడు వేరు, దుంగని మోసే తాడు వేరు. రంగులు కూడా వేరుగా కొనండి. మాదగ్గర ఎక్కే తాడు తెలుపు, దింపే తాడు ఎరుపు. హడావుడిలో ఎవరూ కలిపేయరు. దుంగ ఒక్కసారి గట్టిగా గుంజిన తాడుని మళ్లీ మనిషికి వాడొద్దు.

ఎక్కే తాడుకి కెర్న్‌మాంటిల్ రకం అడగండి. లోపల పోగుల గుండె, పైన అల్లిన తొడుగు. 11 నుంచి 13 మిల్లీమీటర్ల లావు, 45 మీటర్లు ఉంటే మన కొబ్బరి, చింత అన్నిటికీ చాలు (పైన కొమ్మ మీదుగా రెట్టింపు వేసుకుంటాం కాబట్టి అందేది సగమే). లేబుల్ మీద ఈఎన్ 1891 (తాళ్లకి యూరప్ వాళ్ల ప్రమాణం), టైప్ ఎ అని ఉండాలి. అంటే తెగే బలం కనీసం 22 కిలోన్యూటన్లు, మన లెక్కలో సుమారు 2200 కిలోలు. అంత ఎందుకంటే, ముడి వేస్తే మూడో వంతు దాకా బలం పోతుంది, అంచుల మీద ఒరిపిడి ఉంటుంది, పాతబడుతుంది. తాడుని తెగే బలంలో పదో వంతుకి మించి పని చేయించకూడదని అందరూ పాటించే లెక్క. పదో వంతు అంటే 220 కిలోలు, అందులో ముడికి పోయింది తీసేయండి. రంపంతో సహా మీరు 100 కిలోలు అనుకుంటే మిగిలేది ఎక్కువేం కాదు.

మా ఊళ్లో కల్లు గీసే తాత ఒకడు ఉన్నాడు. యాభై ఏళ్లు తాటి చెట్లెక్కాడు. నడుముకి మోకు, కాళ్లకి బంధం తప్ప ఏమీ లేకుండా. నా కొత్త తాడు చూపిస్తే ధర అడగలేదు. ఒక కొస నుంచి ఇంకో కొస దాకా రెండు చేతుల్లోంచి పోనిచ్చి, "రోజూ ఎక్కే ముందు తాడుని సేత్తో ఇనాలి, కంటితో కాదురా" అన్నాడు. అదే ఇప్పటికీ చేస్తున్నాం. చేతికి ఎక్కడైనా మెత్తగా, చదునుగా, గట్టి ముద్దగా తగిలితే ఆ ముక్క కోసేయడమే.

ఇక హార్నెస్. మీరు చూసిన బిల్డింగ్ హార్నెస్‌కి తగిలించుకునే రింగు వీపు మీద ఉంటుంది. అది పడిపోయేవాణ్ని ఆపడానికి చేసింది, కూర్చుని పని చేయడానికి కాదు. చెట్టు మీద దానికి వేలాడితే ముందుకి వంగిపోయి, చేతులు చెట్టుకి అందవు. కదలకుండా వేలాడుతూ ఉండిపోతే తొడల దగ్గర పట్టీలు రక్తాన్ని ఆపేస్తాయి, నిమిషాల్లోనే మనిషి స్పృహ తప్పే ప్రమాదం ఉంది. చెట్టు పనివాళ్ల హార్నెస్‌లో తొడలకి వెడల్పైన పట్టీలు, బొడ్డు దగ్గర అటూ ఇటూ జరిగే చిన్న తాడు, దాని మీద రింగు, నడుముకి రెండు పక్కలా రింగులు ఉంటాయి. పెట్జెల్ సెక్వోయా లాంటివి ఆ రకం. దిగుమతి సరుకు, ఖరీదు తప్పదు. కానీ డబ్బు సరిపోకపోతే రెండో రంపం మానుకోండి, దీన్ని మానుకోవద్దు. కారబినర్లు, అంటే తాడుని రింగుకి తగిలించే కొక్కేలు, మూడు కదలికలతో తెరుచుకుని వాటంతటవే లాక్ అయ్యేవి కొనండి. మామూలు స్క్రూ కొక్కేలు కొమ్మకి రాసుకుని తిరిగిపోవడం నేనే చూశాను.

రంపం పట్టుకుని కోసేటప్పుడు రెండు చోట్ల కట్టుకుని ఉండాలి. ఒకటి పై తాడు, రెండోది నడుము పక్క రింగుల నుంచి మాను చుట్టూ తిరిగే లాన్యార్డ్ అనే పొట్టి తాడు. లోపల ఉక్కు తీగ ఉన్న లాన్యార్డ్ అయితే మేలు. ఉక్కు ఉంది కదా అని ధీమా వద్దు, నడుస్తున్న చెయిన్ దాన్నీ కొరుకుతుంది, కాకపోతే బట్ట తాడులా ఒక్క క్షణంలో తెగదు. సన్న కొమ్మలకి రంపం మిషన్ తీయనే తీయను. జపాన్ సిల్కీ లాంటి వంపు చేతి రంపం ఒరలో ఉంటే సగం పని దానితోనే అయిపోతుంది. హెల్మెట్‌కి గడ్డం పట్టీ ఉండాలి, అంతే, ఎక్కువ చెప్పక్కర్లేదు.

దింపే సామాను దగ్గరే అందరూ పొరపడతారు, నాలాగే. పచ్చి మాను బరువు చాలామంది తక్కువ అంచనా వేస్తారు. అడుగు మందం, అంటే 30 సెంటీమీటర్లు, మీటరు పొడవున్న పచ్చి దుంగ నీళ్లంత బరువు అనుకుంటే 70 కిలోలు. మందం 40 సెంటీమీటర్లయితే 125 కిలోలు. మందం కొంచెమే పెరిగింది, బరువు దాదాపు రెట్టింపు. ఇప్పుడు ఆ 70 కిలోల దుంగని కప్పీ మీదుగా దింపుతున్నారనుకోండి. అటు దుంగ 70 లాగుతుంది, ఇటు కిందివాడు 70 ఆపుతాడు. కప్పీని కట్టిన చోట పడేది 140. అది నిదానంగా దిగితే. మీటరు కిందికి పడి టక్కున ఆగితే ఎన్నో రెట్లు. పలాసలో మా కుర్రాడు చేసింది అదే. వాడి తప్పు కాదు, ఆపొద్దు, జారనిస్తూ నెమ్మదించు అని నేను చెప్పలేదు.

అందుకే దింపడానికి 14 నుంచి 16 మిల్లీమీటర్ల పాలియెస్టర్ డబుల్ బ్రెయిడ్ తాడు (అల్లిన గుండె మీద అల్లిన తొడుగు), చెట్టు పని కోసం చేసిన పెద్ద కప్పీ, దాన్ని మానుకి కట్టే విడి స్లింగ్, కింద చెట్టు మొదలుకి కట్టే పోర్టా ర్యాప్. ఇది చిన్న ఇనుప గొట్టం లాంటిది, తాడుని దానికి మూడు చుట్లు తిప్పితే సన్నటి మనిషి కూడా బరువైన దుంగని వేళ్లతో దింపగలడు. పాలియెస్టర్ 250 డిగ్రీలు దాటితేగానీ కరగదు, పెద్దగా సాగదు కూడా. పోర్టా ర్యాప్ కొనేదాకా మొదట్లో మానుకే తాడు చుట్టేవాళ్లం. పని అయ్యేది, బెరడు మాత్రం ఊడొచ్చేది. కొట్టేసే చెట్టయితే ఫర్వాలేదు. చేతికి తాడు చుట్టుకుని పట్టుకోవడం మాత్రం మీ ముగ్గురిలో ఎవరూ, ఎప్పుడూ, సరదాకి కూడా చేయొద్దు.

బూట్లకి కట్టుకునే ముళ్లు కొంటారేమో. కొట్టేసే చెట్టుకైతే సరే. బతికించాల్సిన చెట్టుకి వద్దు, కొబ్బరికి అసలే వద్దు. వేపకో మామిడికో గాయం పడితే చుట్టూ కొత్త బెరడు మూసుకొస్తుంది. కొబ్బరికి ఆ గుణం లేదు, పెట్టిన చిల్లు చచ్చేదాకా అలాగే ఉంటుంది, ఎర్రముక్కు పురుగు అక్కడే గుడ్లు పెడుతుంది. కొబ్బరికి పెడల్స్ ఉన్న ఎక్కే యంత్రం ఉంది, కొబ్బరి అభివృద్ధి బోర్డు 2011లో కేరళలో మొదలుపెట్టిన శిక్షణలో నేర్పేది దాంతోనే. మట్టలు, గెలలు కోయడానికి అది చాలు. చెట్టు మొదలు దగ్గర గోధుమ రంగు రసం కారుతున్నా, పుట్టగొడుగు లాంటిది కనిపించినా అది గానోడెర్మా అనే కుళ్లు తెగులు అయ్యుండొచ్చు, లోపల కుళ్లిన మాను. ఎంత సామాను ఉన్నా ఆ చెట్టెక్కకండి.

కరెంటు తీగ దగ్గరుంటే లైన్‌మన్ ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే సప్లై ఆపి పని చేసే అనుమతి) తీసుకుని, సప్లై పోయిందని చెప్పేదాకా చెట్టు ముట్టుకోకండి. తడి తాడులోంచీ, పచ్చి మట్టలోంచీ కరెంటు వస్తుంది.

ఒకేసారి అన్నీ కొనలేమంటే, హార్నెస్, ఎక్కే తాడు, లాన్యార్డ్, రెండు హెల్మెట్లు ముందు. నెలరోజులు ఊళ్లో చింత చెట్టుకి నేల నుంచి నాలుగడుగుల ఎత్తులోనే వేలాడుతూ ముడులు నేర్చుకోండి. చింత కొమ్మ అంత తేలిగ్గా విరగదు, ములగ మీద మాత్రం నమ్మకం పెట్టుకోవద్దు. మీ ముగ్గురిలో ఇద్దరికి ఎక్కడం రావాలి, పైవాడికి ఏదైనా అయితే దింపేవాడు కావాలి కదా. దింపే సామాను వచ్చేదాకా స్లాబు మీది కొమ్మలు ఒప్పుకోకండి.

ఆ నిద్రగన్నేరు సంగతి మాత్రం నాకు అనుమానంగా ఉంది. కొమ్మే వాలిందా, చెట్టే ఒరిగిందా? మొదలు చుట్టూ నేల బీటలిచ్చిందేమో, కొమ్మ పుట్టే చోట చీలిక ఉందేమో చూసి, ఆ రెండు చోట్లా దగ్గరగా ఫొటోలు తీసి ఇక్కడ పెట్టండి. చెట్టే ఒరిగితే అది ఎక్కే పని కాదు, క్రేన్ పని.