3.20 లక్షల అప్పు చేసి కేబుళ్లు కొంటారా? మీ చేతిలో 23 రోజుల ఖర్చే ఉంది

కూకట్‌పల్లి నుంచి ఒక పాఠకుడు రాసిన ప్రశ్న ఇది. కాస్త కుదించి ఇస్తున్నాను.

"సార్, నాకు 34 ఏళ్లు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. చేతికి నెలకు 1.08 లక్షలు వస్తుంది. పాటలంటే ప్రాణం. మంచి స్పీకర్లు, డ్యాక్ (కంప్యూటర్ ఇచ్చే అంకెల్ని శబ్దపు సిగ్నల్‌గా మార్చే పెట్టె) ఇప్పటికే ఉన్నాయి. ఇప్పుడు కంప్యూటర్ వైపు కూడా ఆడియోఫైల్ (శబ్ద నాణ్యత మీద మక్కువ ఉన్నవాళ్ల) స్థాయికి తెద్దామని డీలర్ దగ్గర కొటేషన్ తీసుకున్నాను. మ్యూజిక్ సర్వర్ (పాటలు దాచి వినిపించే కంప్యూటర్) 1.35 లక్షలు, దానికి లీనియర్ పవర్ సప్లై (రొద లేని కరెంటు ఇస్తుందని చెప్పే అడాప్టర్) 62 వేలు, ఆడియోఫైల్ నెట్‌వర్క్ స్విచ్ 54 వేలు, యూఎస్‌బీ కేబుల్ 31 వేలు, ల్యాన్ కేబుళ్లు రెండూ కలిపి 26 వేలు, సాటా కేబుల్ (డిస్క్‌ను కంప్యూటర్‌కు కలిపేది) 12 వేలు. మొత్తం 3.20 లక్షలు. అడ్వాన్స్ 15 వేలు ఇచ్చాను. బ్యాంకు 16 శాతానికి మూడేళ్ల పర్సనల్ లోన్ ఇస్తానంటోంది. క్రెడిట్ కార్డు మీద 12 నెలల నో కాస్ట్ ఈఎంఐ కూడా ఉంది, ఒకేసారి కడితే మాత్రం 22 వేలు తగ్గిస్తారట. లేదంటే మ్యూచువల్ ఫండ్లలో 2.40 లక్షలు ఉన్నాయి, అవి తీసేయనా? మూడింటిలో ఏది మేలు? అవసరమైతే సిప్ (నెలనెలా ఫండ్లలో వేసేది) మూడేళ్లు ఆపుతాను."

మూడూ వద్దు. ఇలాంటి ఉత్తరాలు చాలా వస్తాయి, వస్తువు మారుతుందంతే: ఒకరికి బైక్, ఒకరికి కెమెరా, ఒకరికి ఐఫోన్. అందరూ అడిగేది ఒక్కటే, ఏ అప్పు చౌక అని. అసలు ఈ అప్పు ఎందుకు, ఉద్యోగం పోతే ఇల్లు ఎన్నాళ్లు నడుస్తుంది అని ఎవరూ అడగరు. ఆ ప్రశ్న మీరూ అడగలేదు కాబట్టే ఇక్కడ జవాబిస్తున్నాను.

ముందు మీ లెక్క చూద్దాం. మీరు పంపిన వివరాల ప్రకారం అద్దె 24 వేలు, కారు ఈఎంఐ 15,800, ఫోన్ ఈఎంఐ 4,200, పాప డేకేర్ 9 వేలు, ఖమ్మంలో అమ్మానాన్నలకు 10 వేలు, ఇంటి ఖర్చు 28 వేలు, సిప్ 8 వేలు. కూడితే 99 వేలు. మిగిలేది 9 వేలు. పర్సనల్ లోన్ ఈఎంఐ సుమారు 11,250 వస్తుంది. అంటే ఇప్పుడున్న మిగులులో ఆ ఈఎంఐ పట్టదు, అందుకే సిప్ ఆపుతానంటున్నారు. మూడేళ్లలో కట్టేది 4.05 లక్షలు, అందులో వడ్డీయే 85 వేలు. ప్రాసెసింగ్ ఫీజు రెండు శాతమనుకున్నా జీఎస్టీతో కలిపి మరో ఏడున్నర వేలు ముందే కోసుకుంటారు.

ఇక నో కాస్ట్ ఈఎంఐ. ఒకేసారి కడితే 22 వేలు తగ్గిస్తామని డీలరే చెప్పాడు కదా, ఆ 22 వేలే వడ్డీ. పేరు మార్చారంతే. సున్నా శాతం వడ్డీ అనేదే ఉండదని రిజర్వ్ బ్యాంకు 2013లోనే బ్యాంకులకు స్పష్టంగా చెప్పింది. పైగా కార్డు ఈఎంఐలో వడ్డీ భాగం మీద 18 శాతం జీఎస్టీ మీ ఖాతాలోనే పడుతుంది. అన్నిటికన్నా ముఖ్యం, 3.20 లక్షలను 12తో భాగిస్తే నెలకు 26,600 పైమాటే. తొమ్మిది వేలు మిగిలే ఇంట్లో అది ఎక్కడి నుంచి వస్తుంది? రెండో నెలకే కార్డు బిల్లులో మినిమమ్ డ్యూ కట్టడం మొదలవుతుంది, అక్కడి నుంచి ఏడాదికి 40 శాతం దాకా వడ్డీ. ఆ గుంతలో పడి, రెండేళ్లు జీతం వచ్చింది వచ్చినట్టు బ్యాంకుకు కట్టినవాళ్లను దగ్గరుండి చూశాను.

మీ పొదుపు ఖాతాలో 70 వేలున్నాయి. సిప్ తీసేసి చూసినా మీ ఇంటికి నెలకు 91 వేలు కావాలి. అంటే మీ దగ్గరున్నది 23 రోజుల ఖర్చు. పాప పుట్టాక మీ ఆవిడ ఉద్యోగం మానేశారని రాశారు, ఇంట్లో ఒకటే జీతం. లే ఆఫ్ మెయిల్ వచ్చిన రోజు నుంచి కొత్త ఆఫర్ లెటర్ చేతికొచ్చే దాకా మూడు నాలుగు నెలలు పట్టడం ఇప్పుడు మామూలైపోయింది. 24వ రోజున కారు ఈఎంఐ ఎవరు కడతారు? దయచేసి ఈ ఒక్క ప్రశ్న మీ ఆవిడతో కూర్చుని మాట్లాడండి.

వస్తువుల సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే "క్వాలిటీకి డబ్బు పెడుతున్నాను, వృథా కాదు" అని రాశారు. స్పీకర్లకు డబ్బు పెడితే ఆ మాట ఒప్పుకుంటాను. కానీ మీ కొటేషన్‌లో ఉన్నవాటిలో చాలావాటి పని అంకెల్ని ఒక చోటు నుంచి ఇంకో చోటుకు మోయడం. మీ పాట ఫైలు హార్డ్ డిస్క్ నుంచి వచ్చినా నెట్ నుంచి వచ్చినా డ్యాక్ చేరేదాకా ఒకట్లు, సున్నాలే. నెట్‌వర్క్‌లో వచ్చే ప్రతి ఫ్రేముకూ (డేటా ముక్కకూ) తప్పు పట్టే చెక్ ఉంటుంది, తప్పు వస్తే ఆ ముక్క పారేసి మళ్లీ తెప్పించుకుంటారు. సాటా కేబుల్‌లోనూ ఇలాంటి చెకింగే ఉంది. మీ బ్యాంకు బ్యాలెన్స్ కూడా అలాంటి మామూలు తీగల మీదే వస్తోంది, అందులో ఒక్క పైసా తేడా రాదు.

నా మాట నమ్మక్కర్లేదు, ఇంట్లోనే చూడండి. నెట్‌లో పాట పెట్టి, అది మధ్యలో ఉండగా ల్యాన్ కేబుల్ పీకేయండి (వైఫై కూడా ఆఫ్ చేసి). పాట వెంటనే ఆగదు, చాలాసార్లు కొన్ని సెకన్ల పాటు, ఒక్కోసారి పాట అయిపోయేదాకా మోగుతూనే ఉంటుంది. ఎందుకంటే ప్లేయర్ ముందే డేటా తెచ్చుకుని మెమరీలో పెట్టుకుంది. కేబుల్ ఊడిపోయి నేల మీద పడున్నప్పుడు కూడా అదే పాట అదే శబ్దంతో వినిపిస్తుంటే, 13 వేల కేబుల్ ఆ పాటకు ఏం తీపి కలుపుతోంది? ఇంకొకటి. ఒక పాట ఫైలును 150 రూపాయల సాటా కేబుల్ ఉన్న డిస్క్‌లోకి కాపీ చేయండి, డీలర్ దగ్గర 12 వేల కేబుల్ ఉన్న డిస్క్‌లోకీ కాపీ చేయించండి. విండోస్‌లో సర్ట్‌యుటిల్ అనే కమాండ్‌తో రెండింటి హ్యాష్ (ఫైలులో ఒక్క అంకె మారినా మారిపోయే, వేలిముద్ర లాంటి కోడ్) తీయండి. అక్షరం పొల్లుపోకుండా ఒకటే వస్తుంది. సాఫ్ట్‌వేర్‌లో ఉన్నవాళ్లు, ఆ హ్యాష్ ఒకటే అయితే ఏమిటో మీకు నేను చెప్పాలా?

కంప్యూటర్ నుంచి కరెంటు రొద డ్యాక్‌లోకి రావడం మాత్రం నిజంగానే జరుగుతుంది. అలా వస్తే స్పీకర్లలో "గుయ్" మని హమ్ వినిపిస్తుంది, మౌస్ కదిపితే కిచకిచ వస్తుంది. అది మీకు వినిపిస్తోందని మీరెక్కడా రాయలేదు. ఒకవేళ వినిపించినా, ల్యాప్‌టాప్ చార్జర్ తీసేసి బ్యాటరీ మీద పెట్టి చూడండి, ఇంటి ఎర్తింగ్ ఎలక్ట్రీషియన్‌తో చెక్ చేయించండి, అప్పటికీ పోకపోతే యూఎస్‌బీ ఐసోలేటర్ (ఆ రొదను అడ్డుకునే చిన్న పరికరం) కొనండి. కొన్ని వేలతో తీరే పని. పైగా ఇప్పటి యూఎస్‌బీ డ్యాకులు చాలావరకు టైమింగ్‌ను సొంత క్లాక్‌తోనే చూసుకుంటాయి, కంప్యూటర్ ఎంత ఖరీదైనదన్నది వాటికి అనవసరం. లీనియర్ పవర్ సప్లై పేరుతో అమ్మేది ఈ కరెంటు రొద భయాన్నే.

ఈ వ్యాపారం కొత్తదేమీ కాదు. 2008లో డెనాన్ కంపెనీ మీటరున్నర పొడవు నెట్‌వర్క్ కేబుల్‌ను 499 డాలర్లకు అమ్మింది, సిగ్నల్ ఎటు పోవాలో చెప్పే బాణం గుర్తులతో సహా. 2015లో సోనీ "ప్రీమియం సౌండ్ కోసం" అంటూ 64 జీబీ మెమరీ కార్డును జపాన్‌లో దాదాపు 18,500 యెన్‌లకు పెట్టింది, మామూలు కార్డుకు ఎన్నో రెట్లు. అంత పెద్ద కంపెనీలే అమ్మాయి కాబట్టి అందులో ఏదో ఉంటుందని జనం అనుకుంటారు. కొనేవాళ్లు ఉన్నంతకాలం అమ్మేవాళ్లు ఉంటారు, అంతకుమించి అందులో ఏమీ లేదు.

డీలర్ షోరూంలో విన్నప్పుడు తేడా స్పష్టంగా తెలిసిందన్నారు. తెలిసి ఉంటుంది, మీరు అబద్ధం చెబుతున్నారనను. ఏ కేబుల్ పెట్టారో తెలిసినప్పుడు, వాల్యూమ్ కాస్త పెరిగినప్పుడు ఎవరికైనా మెరుగ్గానే అనిపిస్తుంది. అందుకే కళ్లతో చూడకుండా వినాలి. వాల్యూమ్ సమానంగా పెట్టి, మీకు కనబడకుండా మీ ఆవిడ కేబుల్ మారుస్తూ ఉంటే ఏది ఏదో పదిసార్లు చెప్పండి. ఊరికే ఊహించినా ఐదు తగులుతాయి. తొమ్మిదో పదో తగలడం ఊహ మీద నూటికి ఒకసారే జరుగుతుంది. ఆ పరీక్షకు డీలర్ ఒప్పుకుంటే చేయండి. చాలామంది ఒప్పుకోరు, "200 గంటలు వాడాకే అసలు సౌండ్ వస్తుంది" అంటారు. రోజుకు రెండు గంటలు వింటే 200 గంటలకు వంద రోజులు. వాపసు గడువు మహా అయితే వారం, పది రోజులు. ఈ రెండు అంకెలు పక్కపక్కన పెట్టుకుని చూడండి.

ఇప్పుడు అసలు చేయాల్సినవి. ఆరు నెలల ఖర్చు, అంటే 5.46 లక్షలు, మీ పేరున విడిగా ఉండాలి. ఫండ్లలోని 2.40 లక్షల్లోంచి 1.50 లక్షలు తీయండి. కేబుళ్ల కోసమైతే ఆ డబ్బు ముట్టుకోవద్దనేవాణ్ని, ఈ నిధికైతే నేనే తీయమంటున్నాను. ఈక్విటీ ఫండ్లయి ఏడాది దాటి ఉంటే, లాభం ఏడాదికి 1.25 లక్షల దాకా పన్ను పడదు. పొదుపు ఖాతాలోని 70 వేలు కలిపితే 2.20 లక్షలవుతుంది. దాన్ని జీతం పడే ఖాతాలో ఉంచొద్దు, అక్కడుంటే కరిగిపోతుంది. ఇంకో బ్యాంకులో ఎఫ్‌డీగా వేయండి, లేదా లిక్విడ్ ఫండ్ (త్వరగా వెనక్కి తీసుకోగలిగే ఫండ్). మిగతా 3.26 లక్షలకు, సిప్ ఆపడానికి ఎలాగూ సిద్ధపడ్డారు కాబట్టి ఆ 8 వేలు ఇటు మళ్లించండి. ఐదు నెలల్లో ఫోన్ ఈఎంఐ అయిపోతుందన్నారు, ఆ 4,200 కూడా ఇందులోకే. ఏటా వచ్చే బోనస్ కూడా వేస్తే రెండేళ్ల లోపే పూర్తవుతుంది. నిధి నిండిన నెలే సిప్ మళ్లీ మొదలు.

మిగిలే 9 వేలు ప్రీమియంలకు. కంపెనీ ఇచ్చిన 5 లక్షల హెల్త్ కవర్ ఉద్యోగంతో పాటే పోతుంది. అందులో మీ అమ్మానాన్నలు లేనే లేరు. నాన్నగారికి 63 ఏళ్లు, షుగర్ ఉందని రాశారు. ముందు నుంచీ ఉన్న జబ్బులకు పాలసీల్లో మూడేళ్ల దాకా వెయిటింగ్ పెట్టొచ్చు. మీరు ఈ ఏడాది తీసుకుంటే ఆయనకు 66 వచ్చేసరికి పూర్తి రక్షణ ఉంటుంది, కేబుళ్ల లోన్ తీరాక తీసుకుంటే 69. షుగర్ సంగతి ఫారంలో దాచకుండా రాయండి, ఏజెంట్ వద్దన్నా సరే రాయండి, లేదంటే క్లెయిమ్ దగ్గర గొడవ. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత హెల్త్, లైఫ్ పాలసీల మీద జీఎస్టీ కూడా లేదు. మీకు టర్మ్ పాలసీ లేదు, రెండేళ్ల పాప ఉంది. 1.50 కోట్లకు ఈ నెలలోనే తీసుకోండి.

బంగారం మీద లోన్ చౌకగా వస్తుందని చివర్లో రాశారు, దాని జోలికి వెళ్లొద్దు.

పాటల మీద మీకున్న ఇష్టం నాకు అర్థమవుతోంది. మీరు ఎక్కువగా వినేది ఘంటసాల గారి పాటలు, ఎనభైల నాటి ఇళయరాజా పాటలు అన్నారు. ఆ పాత రికార్డింగుల్లో ఏముందో అదంతా మీ ఇప్పటి ల్యాప్‌టాప్, మీ ఇప్పటి డ్యాక్ పూర్తిగా వినిపించగలవు. స్పీకర్లు గోడకు ఆనించి ఉంటే ఒక అడుగు ముందుకు జరపండి, గదిలో మందపాటి కర్టెన్లు, నేల మీద ఒక కార్పెట్ వేయండి. ఈ తేడా కళ్లు మూసుకున్నా తెలుస్తుంది. నిధి సగం నిండాక బోనస్‌లోంచి ఒక పది పదిహేను వేలు తీసి పాటలున్న డిస్క్‌కు బ్యాకప్ డిస్క్ కొనుక్కోండి, నగదుతో.

ఇక ఆ 15 వేల అడ్వాన్స్. సరుకు ఇంకా రాలేదు, బిల్లూ కాలేదు కాబట్టి ఇవాళే డీలర్‌కు ఆర్డర్ రద్దు చేస్తున్నానని మెయిల్ పెట్టండి, ఫోన్‌లో చెప్పి ఊరుకోవద్దు. రసీదు మీద వాపసు ఇవ్వబోమని రాసి ఉందేమో చూసుకోండి. నానిస్తుంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి. ఎంత తిరిగినా ఆ డబ్బు రాకపోతే వదిలేయండి. 15 వేలు పోతాయన్న బాధతో 3.20 లక్షల అప్పు మీద సంతకం పెట్టకండి.