రాస్ప్‌బెర్రీ పై 4లో ఇంటి సర్వర్: కొత్త బోర్డు కొనే ముందు కరెంటు సంగతి చూడండి

మీ ప్రశ్నలో మూడు విషయాలు కలిసి ఉన్నాయి. ల్యాప్‌టాప్‌లో తయారు చేసిన మీ షాపు బిల్లింగ్ యాప్ డాకర్ ఇమేజ్‌ని (యాప్‌నీ దానికి కావాల్సినవన్నీ కట్టిన మూట) 4 జీబీ రాస్ప్‌బెర్రీ పై 4 అనే చిన్న కంప్యూటర్ బోర్డులో పెడితే ‘ఎక్సెక్ ఫార్మాట్ ఎర్రర్’ వస్తోంది. ఇంట్లోవాళ్ల ఫోటోలు దాచుకునే ఇమ్మిచ్ యాప్ కూడా అందులోనే నడపాలనుకుంటున్నారు. దీనికి పై 5 కొనాలా, సెకండ్ హ్యాండ్ మినీ పీసీ తెచ్చుకోవాలా అని అడిగారు. మీది ఒంగోలు, మాది కావలి. నాలుగేళ్లుగా మా ఇంట్లో పై 4 ఇదే పని చేస్తోంది. ఆ అనుభవంతో చెప్తున్నాను, ఇప్పుడే ఏదీ కొనకండి.

ముందు ఎర్రర్ సంగతి. మీ ల్యాప్‌టాప్‌లో ఉన్నది ఇంటెల్ లేదా ఏఎండీ ప్రాసెసర్. పైలో ఉన్నది ఆర్మ్ అనే వేరే రకం. ఒకదాని కోసం తయారైన ప్రోగ్రామ్‌ను రెండోది చదవలేదు, ఆ ఎర్రర్‌కి అర్థం అంతే. పేరున్న ఇమేజ్‌లలో చాలావాటికి ఒకే పేరు కింద రెండు రకాలూ ఉంటాయి, డాకర్ మన మెషీన్ చూసి సరిపోయేది దించుకుంటుంది. మీరు సొంతంగా బిల్డ్ చేసింది మాత్రం ల్యాప్‌టాప్ రకం ఒక్కటే. సులువైన దారి, కోడ్‌ని పైలోకి తెచ్చి అక్కడే బిల్డ్ చేయడం. కాస్త టైమ్ పడుతుంది కానీ గొడవ ఉండదు. ల్యాప్‌టాప్‌లోనే చేయాలంటే డాకర్‌లోని బిల్డ్‌ఎక్స్ వాడి, ప్లాట్‌ఫామ్ దగ్గర లినక్స్ ఆర్మ్64 అని ఇవ్వండి. యాప్ పైథాన్‌లో రాసి ఉంటే ఇమేజ్‌కి పునాదిగా ఆల్పైన్ లినక్స్ వద్దు, డెబియన్ స్లిమ్ తీసుకోండి. ఆర్మ్ మీద ఆల్పైన్‌కి రెడీమేడ్ ప్యాకేజీలు తక్కువ, లేనివాటిని అక్కడికక్కడే కంపైల్ చేసుకుంటూ కూర్చుంటుంది. ఇంకొకటి, ఎక్కడినుంచైనా కాపీ చేసుకున్న కంపోజ్ ఫైల్ (ఏ ఇమేజ్ ఎలా నడవాలో డాకర్‌కి చెప్పేది) అయితే అందులో ‘ప్లాట్‌ఫామ్: లినక్స్ ఏఎండీ64’ అన్న లైన్ ఉందేమో చూడండి. ఆ ఒక్క లైన్ వల్ల ఆర్మ్ ఇమేజ్ ఉన్నా డాకర్ దాన్ని తీసుకోదు. క్యూఈఎంయూతో ఎమ్యులేషన్, అంటే పైలో ఇంటెల్‌ను అనుకరించడం, పెట్టుకోమని కొందరు చెప్తారు. ఒకసారి పరీక్షించడానికి సరే, రోజూ నడపడానికి అది చాలా నెమ్మది.

పైలో ఉన్న ఓఎస్ 64 బిట్టా 32 బిట్టా అన్నది కూడా చూసుకోవాలి. ఇక్కడ నేను రెండు రోజులు పోగొట్టుకున్నాను. ‘యూనేమ్ మైనస్ ఎం’ కొడితే ‘ఏఆర్చ్64’ అని వచ్చింది, 64 బిట్టే కదా అనుకున్నాను. నిజానికి కెర్నల్ (ఓఎస్ గుండె) ఒక్కటే 64 బిట్, దాని మీద ఉన్న మిగతా ఓఎస్ అంతా 32 బిట్. రాస్ప్‌బెర్రీ పై ఓఎస్‌లో ఇలా ఉండటం మామూలే. అందుకని ‘డీపీకేజీ మైనస్ మైనస్ ప్రింట్ మైనస్ ఆర్కిటెక్చర్’ కమాండ్‌తో చూడండి. ఆర్మ్64 అని వస్తే మంచిది. ఆర్మ్‌హెచ్ఎఫ్ (32 బిట్) అని వస్తే అప్‌గ్రేడ్ చేద్దామని చూడకండి, కార్డు తుడిచి 64 బిట్ ఓఎస్ కొత్తగా వేసుకోండి. ఇమ్మిచ్ 32 బిట్ మీద నడవదు. డాకర్ ఇమేజ్‌లు తయారు చేసి పెట్టే లినక్స్‌సర్వర్ వాళ్లు 2023 జులైలోనే 32 బిట్ ఆర్మ్ ఇమేజ్‌లు ఆపేశారు.

మీ యాప్ మాంగోడీబీ అనే డేటాబేస్ వాడుతుంటే పై 4లో 4.4.18 వెర్షన్ దగ్గరే ఆగాలి. ఆ తర్వాతి వెర్షన్లకు ఆర్మ్ వీ8.2 రకం ప్రాసెసర్ కావాలి. పై 4లోని కార్టెక్స్ ఏ72 కోర్లు వీ8.0, పై 5లోని ఏ76 కోర్లు వీ8.2. కంటైనర్ (నడుస్తున్న ఇమేజ్) లేచిన వెంటనే ‘ఇల్లీగల్ ఇన్‌స్ట్రక్షన్’ అని పడిపోతే కారణం ఇదే. బిల్లింగ్‌కి పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ హాయిగా సరిపోతుంది, ఇంకా మొదట్లోనే ఉన్నారు కాబట్టి మార్చేయండి.

ఇక అసలు విషయం. మన వైపు ఈ బోర్డులను చంపేది ఆర్మ్ కాదు, డాకర్ కాదు. కరెంటు, ఎండ.

మొదటి ఏడాది నేను పైని ఫోన్ ఛార్జర్‌తో నడిపాను. 33 వాట్లు అని రాసి ఉంది కదా, 15 వాట్లు చాలే పై బోర్డుకి ధారాళంగా సరిపోతుందనుకున్నాను. ఆ 33 వాట్లు ఫోన్‌తో మాట్లాడుకుని ఎక్కువ ఓల్టేజీకి వెళ్లినప్పుడే వస్తాయి. పై 4 తీసుకునేది 5 ఓల్టులే, ఆ ఓల్టేజీ దగ్గర నా ఛార్జర్ ఇచ్చేది 2 ఆంపియర్లు. కావాల్సింది 3. ఎస్‌ఎస్‌డీ మీద రాత్రి బ్యాకప్ మొదలవగానే ఓల్టేజీ పడిపోయి డిస్క్ మాయమయ్యేది. పొద్దున్నే మా అమ్మ ఫోన్ పట్టుకుని వచ్చి, “ఏందిరా అబ్బయా, మీ జేజి ఫోటోలు ఒక్కటీ కనపడటం లేదు” అనేది. జేజి అంటే మా నాయనమ్మ. నేను ఎస్‌ఎస్‌డీని అనుమానించాను, యూఎస్‌బీ కేబుల్ మార్చాను, ఇమ్మిచ్ తీసేసి రెండుసార్లు మళ్లీ వేశాను. ఛార్జర్ మీదికి ధ్యాస పోవడానికి మూడు నెలలు పట్టింది.

ఈ మూడు నెలలు మీకు వృథా కాకూడదు. ‘వీసీజెన్‌సీఎండీ గెట్_థ్రాటిల్డ్’ కమాండ్ కొట్టండి. 0ఎక్స్0 అని వస్తే కరెంటు బాగుంది. 0ఎక్స్50000 అని వస్తే, బూట్ అయిన తర్వాత ఎప్పుడో ఒకసారి ఓల్టేజీ చాలక బోర్డు వేగం తగ్గించుకుందని అర్థం. 0ఎక్స్50005 అంటే ఇప్పుడు, ఈ నిమిషంలో కూడా చాలడం లేదు. పై 4కి అధికారిక 5.1 ఓల్టుల 3 ఆంపియర్ల అడాప్టర్ కొనండి. సన్నటి పొడుగాటి కేబుళ్లు వద్దు, ఓల్టేజీ దారిలోనే పోతుంది. యూఎస్‌బీ పోర్టులన్నీ కలిపి పై 4 ఇచ్చేది 1.2 ఆంపియర్లే, కాబట్టి తిరిగే హార్డ్ డిస్కులు రెండు తగిలించాలంటే సొంత పవర్ ఉన్న యూఎస్‌బీ హబ్ తప్పదు. పై 5 కొన్నా ఈ బాధ పోదు, పెరుగుతుంది. దానికి 5 ఆంపియర్లు కావాలి, 3 ఆంపియర్ల అడాప్టర్ పెడితే యూఎస్‌బీకి 600 మిల్లీఆంపియర్లే ఇస్తుంది.

2023 డిసెంబర్ 5న మిగ్‌జాం తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది కదా. అంతకుముందు రోజు నుంచే మా వీధిలో కరెంటు పోవడం, రావడం, మళ్లీ పోవడం. అప్పటికి డేటాబేస్ ఇంకా మెమరీ కార్డు మీదే ఉంది. వాన తగ్గాక చూస్తే కార్డు పాడైంది. ఫోటోలు ఎస్‌ఎస్‌డీలో ఉండబట్టి దక్కాయి. కానీ ఏ ఫోటోలో ఎవరున్నారో పేర్లు పెట్టుకుంటూ అమ్మ కూర్చిన ఆల్బమ్‌లన్నీ డేటాబేస్‌తో పాటే పోయాయి. జేజి పోయిన సంవత్సరం అది. ఆ ఆల్బమ్‌లు మళ్లీ కూర్చేటప్పుడు అమ్మ పక్కన కూర్చున్నాను, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను. మెమరీ కార్డు మీద డేటాబేస్ పెట్టకండి. ఓఎస్‌తో సహా అన్నీ ఎస్‌ఎస్‌డీ మీదికి మార్చండి, పై 4 యూఎస్‌బీ నుంచి నేరుగా బూట్ అవుతుంది. డాకర్ లాగ్‌లకు మామూలుగా హద్దు ఉండదు, డాకర్ సెట్టింగ్స్ ఫైల్ డీమన్ డాట్ జేసన్‌లో 10 ఎంబీ చొప్పున మూడు ఫైళ్లు చాలని పెట్టండి.

ఇన్వర్టర్ ఉంటే వెనక యూపీఎస్ అనీ ఎకో అనీ స్విచ్ ఉందేమో చూడండి, యూపీఎస్ వైపు పెట్టండి. ఎకోలో కరెంటు మారే ఆ క్షణంలో మా పై రీస్టార్ట్ అయ్యేది. రౌటర్ కూడా ఇన్వర్టర్ లైన్ మీదే ఉండాలి. పై 4లో గడియారానికి బ్యాటరీ లేదు, నెట్ లేకుండా లేస్తే టైమ్ తప్పు చూపిస్తుంది. మీది బిల్లింగ్ యాప్ కాబట్టి ఇది చిన్న విషయం కాదు, బిల్లు మీద తేదీ తప్పు పడుతుంది. చిన్న ఆర్‌టీసీ (బ్యాటరీ గడియారం) మాడ్యూల్ ఒకటి పెట్టుకోండి.

ఎండ సంగతి మీకు తెలియనిది కాదు. నేను మొదట పైని అటక మీద పెట్టాను, వైర్లు కనపడకుండా ఉంటాయని. రోహిణి కార్తెలో మధ్యాహ్నం స్లాబు వేడికి 82 డిగ్రీలు చూపించింది. 80 దాటితే బోర్డు తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. కిందికి దించి టీవీ స్టాండ్ వెనక పెట్టి, ఒళ్లంతా హీట్ సింక్‌గా పనిచేసే అల్యూమినియం కేసు వేశాక 60 దాటలేదు. ఫ్యాన్ ఉన్న కేసు నేను వద్దంటాను. మన దుమ్ముకి, ఉప్పు గాలికి చిన్న ఫ్యాన్లు ఏడాదికే గరగరమంటాయి.

4 జీబీలో ఇమ్మిచ్ నడుస్తుందా అంటే, నడుస్తుంది, కానీ మెషీన్ లెర్నింగ్ కంటైనర్ ఆపేయాలి. ముఖాలు గుర్తుపట్టే పని ఆపితే మిగతాది సాఫీగా పోతుంది. నేను ఆ పని కోసం నెలకొక రాత్రి నా ల్యాప్‌టాప్‌లో ఆ ఒక్క కంటైనర్ నడిపి, మా పై బోర్డు దాన్ని వాడుకునేలా పెడతాను. డాకర్ స్టాట్స్‌లో మెమరీ సున్నా చూపిస్తే కంగారు పడకండి, బూట్ సెట్టింగ్స్ ఉండే సీఎండీలైన్ ఫైల్‌లో ‘సీగ్రూప్_ఎనేబుల్=మెమరీ’ చేర్చి రీబూట్ చేస్తే కనిపిస్తుంది.

మినీ పీసీ ఎప్పుడు కొనాలి? జెల్లీఫిన్ అనే వీడియో సర్వర్‌లో సినిమాలు పెట్టి, టీవీకి సరిపడేలా ఫార్మాట్ మార్పించాలనుకుంటే. పై 5లో వీడియో ఎన్‌కోడర్ హార్డ్‌వేర్ లేనే లేదు, ఆ పనికి ఇంటెల్ మినీ పీసీయే మేలు. మీరు అడిగినది బిల్లింగ్, ఫోటోలు. వాటికి పై 4 చాలు. ఎస్‌ఎస్‌డీతో కలిపి మా ప్లగ్ దగ్గర 6 వాట్లు చూపిస్తోంది, నెలకు నాలుగున్నర యూనిట్ల లోపే. అంతకుముందు ఇదే పనికి వాడిన పాత డెస్క్‌టాప్ 55 వాట్లు, అంటే నెలకు 40 యూనిట్లు.

బయటినుంచి అందుకోవడానికి టెయిల్‌స్కేల్ (మీ పరికరాలను మాత్రమే కలిపే ప్రైవేట్ నెట్‌వర్క్) పెట్టుకోండి, రౌటర్‌లో పోర్టులు తెరవద్దు. బ్యాకప్ మాత్రం మొదటి రోజే పెట్టండి. ఇమ్మిచ్ రోజూ తన డేటాబేస్ కాపీ ఒకటి బ్యాకప్స్ ఫోల్డర్‌లో వేసుకుంటుంది, అందులో ఫోటోలు ఉండవు. ఆ ఫోల్డర్‌నీ, ఫోటోలనూ కలిపి నేను రాత్రిపూట నెల్లూరులో మా చెల్లెలు వాళ్లింట్లో ఉన్న హార్డ్ డిస్కుకి పంపిస్తున్నాను. మీ బిల్లింగ్ డేటాబేస్‌ని కూడా రోజూ పీజీ డంప్‌తో కాపీ తీసి, షాపు ఉన్న భవనంలో కాకుండా వేరే చోట ఉంచండి.

ఇవాళ ఆ డీపీకేజీ, వీసీజెన్‌సీఎండీ కమాండ్లు రెండూ కొట్టి, ఏం వచ్చిందో కింద రాయండి. దాంతోపాటు మీ అడాప్టర్ మీద 5 ఓల్టుల పక్కన ఎన్ని ఆంపియర్లు అని ఉందో అది కూడా. చూసి మిగతాది చెప్తాను.