డెమిలిచ్ ‘నెస్పిథే’లో గొంతు తప్ప ఏమీ వినిపించట్లేదా?

డెత్ మెటల్ (లోతైన గరగర గొంతు, బరువైన గిటార్లతో సాగే రాక్ సంగీతం) బ్యాండ్ డెమిలిచ్ ఆల్బమ్ ‘నెస్పిథే’ విని, ఫైల్ పాడైందా, స్పీడ్ తప్పిందా అని అడిగారు. మీ ఫైల్ పాడవలేదు, స్పీడ్ కూడా సరిగ్గానే ఉంది. త్రేన్పుల్లాంటి గొంతు తప్ప గిటార్ వినపడట్లేదని రాశారు కదా, చాలావరకు కారణం ఫోన్‌లో ఆన్‌లో ఉన్న బేస్ బూస్ట్. గాయకుడు ఆంటి బోమన్ గొంతు అసలే పాతాళంలో పలుకుతుంది. ఆ అడుగు స్వరాలనే ఇంకా పెంచితే గిటార్ వాటి కింద కూరుకుపోతుంది.

1. ఈక్వలైజర్ (బేస్ బూస్ట్ లాంటివి ఉండే సౌండ్ సెట్టింగ్) పూర్తిగా ఆఫ్ చేయండి. ఫోన్ స్పీకర్ వద్దు, ఇయర్‌ఫోన్స్ పెట్టుకోండి.

2. అందరూ వదిలేసేది ఇదే: మొదట గొంతును పట్టించుకోకండి. మొదటి పాట ‘వెన్ ద సన్ డ్రాంక్ ద వెయిట్ ఆఫ్ వాటర్’ పెట్టి గిటార్ వెంటే వెళ్లండి. తల ఊపుదామనుకునేలోపే రిఫ్ (మళ్లీ మళ్లీ వచ్చే గిటార్ ముక్క) పక్కకు తిరుగుతుంది. తాళం లెక్కపెట్టొద్దు. తర్వాతి పాటకు వెళ్లకుండా అదే మళ్లీ వినండి. ఒక్క రిఫ్‌నైనా కూనిరాగంగా తీయగలిగితే దారి దొరికినట్టే. అప్పటినుంచి ఆ గొంతు మాటలా కాకుండా మరో వాద్యంలా వినిపిస్తుంది.

3. ఆ తర్వాతే సాహిత్యం చదవండి. వాక్యమంత పొడవున్న పాటల పేర్లు చూసి కంగారు పడకండి.

గొంతుకు ఎఫెక్ట్ వేశారా అని కూడా అడిగారు. లేదు, ఆల్బమ్ మీదే ఆ మాట రాసి ఉంటుంది. 1993లో వచ్చిన ఈ ఆల్బమ్ ఫిన్లాండ్‌లోని కుయోపియో ఊరి కుర్రాళ్లు చేసిన పని. నాకైతే ఆ కాలపు డెత్ మెటల్‌లో ఇంత సొంత బుర్రతో రాసిన గిటార్ ఇంకెక్కడా దొరకలేదు.

మొత్తం 40 నిమిషాల లోపే. అయినా ఒకే విడతలో పూర్తిచేయక్కర్లేదు, రెండేసి పాటలు వినండి.